తూర్పు కనుమల నాచుమొక్కలు: సేకరణ నుంచి హెర్బేరియం దాకా ఏ పని ఎప్పుడు చేయాలి

నాచుమొక్కలు (బ్రయోఫైట్లు) అంటే మాస్‌లు, లివర్‌వర్ట్‌లు, హార్న్‌వర్ట్‌లు అనే మూడు గుంపులు. వాటి మీద పని మొదలుపెట్టే విద్యార్థుల్లో చాలామంది వానాకాలంలో అడవికి వెళ్ళి సంచులకొద్దీ తెస్తారు, అన్నీ ఒకే తీరుగా ఆరబెడతారు, సెలవుల్లో తీరిగ్గా సూక్ష్మదర్శిని కింద పెడతారు. మాస్‌లకు ఈ పద్ధతి సరిపోతుంది. ఎండిన మాస్‌ను దశాబ్దాల తర్వాత తడిపినా ఆకులు విప్పుకుంటాయి, కణాల ఆకారం చూడొచ్చు. లివర్‌వర్ట్‌లలో మాత్రం గుర్తింపుకు కావాల్సిన ఆధారం కొంత అప్పటికే పోయి ఉంటుంది. హార్న్‌వర్ట్‌లలోనైతే ఎక్కువ భాగం పోయి ఉంటుంది. అందుకే ఇక్కడ పనులను ఏది ముందు చెడిపోతుందో ఆ వరుసలోనే చెబుతున్నాం.

ప్రపంచంలో మాస్‌లు సుమారు 12 వేల జాతులు, లివర్‌వర్ట్‌లు 7 వేల పైచిలుకు, హార్న్‌వర్ట్‌లు 200కు కాస్త ఎక్కువ. మూడింటిలోనూ మనకు కనిపించే పచ్చని మొక్క సంయోగబీజదం (గామిటోఫైట్). దాని మీద పుట్టే కాడ, గుళిక లేదా కొమ్ము, సిద్ధబీజాలను (స్పోర్లను) తయారుచేసే సిద్ధబీజదం (స్పోరోఫైట్). జాతిని తేల్చడానికి చాలాసార్లు రెండూ కావాలి. ఏ నెలలో వెళ్ళాలన్నది దీన్ని బట్టే నిర్ణయించుకోవాలి.

కాలం, చోటు, అనుమతి

తెలుగు రాష్ట్రాల్లో నైరుతి రుతుపవనాలు వచ్చాక పొలం గట్ల మీద రిక్సియా అనే లివర్‌వర్ట్, తడి మట్టి గట్ల మీద ఆంథోసిరాస్, నోటోథైలస్ అనే హార్న్‌వర్ట్‌లు పైకి వస్తాయి. జులై, ఆగస్టుల్లో థాలస్ (కాండం, ఆకులుగా విడిపోని చదునైన మొక్క దేహం) బాగా ఉంటుంది కానీ సిద్ధబీజాలు పచ్చిగా ఉంటాయి. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా అవి ముదురుతాయి. కాబట్టి ఒకే చోటికి కనీసం రెండుసార్లు వెళ్ళేలా ప్రణాళిక వేసుకోండి. నెల్లూరు, తిరుపతి వైపు ఈశాన్య రుతుపవనాల వానలు కూడా పడతాయి కనుక అక్కడ కాలం డిసెంబరు దాకా సాగుతుంది.

అరకు, అనంతగిరి, లంబసింగి, మారేడుమిల్లి ప్రాంతాల్లో చెట్ల బెరడు మీద ఫ్రుల్లానియా, లెజూనియా కుటుంబపు ఆకు లివర్‌వర్ట్‌లు వెతకండి. అవి గోధుమ రంగు మరకల్లా కనిపిస్తాయి కాబట్టి కొత్తవాళ్ళు దాటిపోతారు. రోడ్డు కోసం కొండను తొలిచిన తడి గట్లు చాలా మంచి చోటు. పాత బావుల గోడలు, కల్వర్టుల లోపలి మసక వెలుతురులో సైథోడియం అనే లివర్‌వర్ట్ పసుపు కలిసిన ఆకుపచ్చగా మెరుస్తుంది. అడవిదాకా వెళ్ళలేనివాళ్ళు ఊరి ప్రహరీ గోడతోనే మొదలుపెట్టొచ్చు. హయోఫిలా ఇన్‌వోల్యూటా, వెండి రంగు కొనలుండే బ్రయమ్ అర్జెంటియం అనే మాస్‌లు అక్కడే దొరుకుతాయి. తాటి, కొబ్బరి చెట్ల మొదళ్ళ మీద పాలిపోయిన తెల్లటి దిండులా కనిపించేది ఆక్టోబ్లెఫారమ్ అయి ఉండొచ్చు, లెన్సుతో చూడండి. మంట పెట్టిన నేల మీద ఫ్యునేరియా హైగ్రోమెట్రికా వస్తుంది.

రిజర్వు అడవిలో సేకరించాలంటే అటవీ శాఖ రాతపూర్వక అనుమతి ఉండాలి. అభయారణ్యాలు, జాతీయ ఉద్యానవనాల్లో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. అక్కడ చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. నమూనాలు విదేశానికి పంపాలన్నా, విదేశీ పౌరులు పరిశోధనలో భాగస్వాములైనా 2002 నాటి జీవవైవిధ్య చట్టం నిబంధనలు ముందే చూసుకోండి. అనుమతి చేతికి రావడానికి నెలలు పట్టొచ్చు. వానాకాలపు పనికి వేసవి మొదట్లోనే దరఖాస్తు పెట్టాలి.

పొట్లం, సంచి

కావాల్సినవి తక్కువే: 10 రెట్లు, 20 రెట్లు పెద్దవిగా చూపే చేతి లెన్సులు, మొండి చాకు, నీళ్ళు చల్లే చిన్న సీసా, మెత్తని పెన్సిల్, నోటుబుక్కు, జీపీఎస్ ఉన్న ఫోను, మడిచిపెట్టుకున్న కాగితపు పొట్లాలు, గుడ్డ సంచి. లివర్‌వర్ట్‌లు, హార్న్‌వర్ట్‌ల కోసం మాత్రం మూత గట్టిగా పట్టే చిన్న ప్లాస్టిక్ డబ్బాలు కొన్ని. లెన్సును కంటికి ఆనించుకుని, మొక్కనే లెన్సు దగ్గరికి తేవాలి. దూరంగా పట్టుకుని చూస్తే ఏమీ కనిపించదు.

పొట్లం మడిచే తీరు: ఏ4 కాగితాన్ని నిలువుగా పెట్టండి. కింది అంచును పైకి తెచ్చి, పై అంచుకు సుమారు 5.7 సెంటీమీటర్ల దిగువన ఆపి మడవండి. కుడి, ఎడమ అంచులను 3.5 సెంటీమీటర్ల చొప్పున ముందుకు మడవండి. పైన మిగిలిన భాగాన్ని మూతలా దించండి. 14 సెంటీమీటర్ల వెడల్పు, 12 సెంటీమీటర్ల ఎత్తుండే పొట్లం వస్తుంది. జిగురు, పిన్నులు వద్దు. జిగురుకు పురుగు పడుతుంది, పిన్ను తుప్పు పడుతుంది. అడవిలో పాత వార్తాపత్రిక చాలు. హెర్బేరియంలో (ఎండిన మొక్కల నమూనాలను భద్రపరిచే చోటులో) పెట్టే పొట్లానికి ఆమ్లం లేని కాగితం వాడండి.

సేకరించేటప్పుడు

ముందు ఫోటో, ఆ తర్వాతే చాకు. కాస్త దూరం నుంచి ఒకటి, స్కేలు పక్కన పెట్టి దగ్గరగా ఒకటి తీయండి. మాస్ ఎండి ఉంటే తడపకముందే తీయాలి. ఎండినప్పుడు ఆకు ఎటు ముడుచుకుంటుందన్నది గుర్తింపులో ముఖ్యమైన లక్షణం. నీళ్ళు చల్లాక ఆ వివరం మళ్ళీ దొరకాలంటే అది పూర్తిగా ఆరేదాకా ఆగాలి.

మూడు, నాలుగు సెంటీమీటర్ల ముక్క సరిపోతుంది. ఆ చోట ఉన్నదాంట్లో పదో వంతుకు మించి తీయకండి. ఒక్క ముక్కే ఉంటే ఫోటోతో సరిపెట్టుకోండి. గుళికలున్న మొక్కలను ముందు ఎంచుకోండి. మట్టి మీది మొక్కలను కింద అర సెంటీమీటరు మట్టితో సహా లేపాలి. పైపైన లాగితే మూలతంతువులు (వేర్లలా పట్టుకునే సన్నని పోగులు), అడుగున ఉండే పొలుసులు తెగిపోతాయి. బెరడు మీద అంటుకున్నవాటిని పలుచని బెరడు పెళ్ళతో తీయండి, చెట్టు లోపలి పచ్చి పొర తగలకూడదు.

ఒక్క ముక్కలోనే రెండు మూడు జాతులు కలిసి ఉండటం మామూలే. అడవిలోనే వాటిని విడదీయబోతే అన్నీ పాడవుతాయి. ఒకే సంఖ్యతో తెచ్చి, ప్రయోగశాలలో వేరు చేశాక అదే సంఖ్యకు క, ఖ, గ అని చేర్చండి.

పొట్లం మీద అక్కడికక్కడే పెన్సిల్‌తో సంఖ్య రాయండి. బాల్‌పెన్ను తడి కాగితం మీద సరిగ్గా రాయదు, ఇంకు కారుతుంది. నోటుబుక్కులో అదే సంఖ్య కింద తేదీ, అక్షాంశ రేఖాంశాలు, సముద్రమట్టం నుంచి ఎత్తు, మొక్క దేని మీద పెరిగింది, తడి, వెలుతురు, వాలు ఏ దిక్కుకుందో రాయాలి. ‘అరకు, బండ మీద’ అన్న చీటీ ఎవరికీ ఉపయోగపడదు. ‘రోడ్డు కల్వర్టు దిగువ, వాగు ఒడ్డు, ఉత్తరం వైపు గట్టు, నీళ్ళు ఊరే ఎర్రమట్టి, మధ్యాహ్నం కూడా నీడ’ అని రాస్తే ఆ చోటికి ఇంకొకరు వెళ్ళి చూడగలరు. బండ అయితే సున్నపురాయా, గ్రానైటా అన్నది తప్పనిసరి. బొర్రా పరిసరాల్లోలాగా సున్నం ఉన్నచోట పెరిగేవి ఆమ్ల నేలల మీద పెరిగేవాటికి భిన్నంగా ఉంటాయి. చెట్టయితే చెట్టు పేరు, నేల నుంచి ఎంత ఎత్తులో తీశారో రాయండి.

మొదటి 48 గంటలు

మొత్తం పనిలో ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. అలసిపోయి వచ్చిన రోజున సూక్ష్మదర్శిని ముందు కూర్చోవాలనిపించదు. అయినా లివర్‌వర్ట్‌లను ఆ రాత్రే చూడటం మంచిది. కుదరకపోతే తడి కాగితంతో డబ్బాలో ఉంచి ఫ్రిజ్ కింది అరలో పెడితే రెండు మూడు రోజులు నిలుస్తాయి. నీళ్ళు తేలేంత పోయకండి, కుళ్ళిపోతాయి.

ముందు ఏ గుంపుదో తేల్చండి. ఆకుకు మధ్య ఈనె ఉండి, ఆకులు కాండం చుట్టూ సర్పిలంగా ఉంటే అది మాస్. ఆకులు రెండు వరసల్లో, లేదా అడుగున చిన్న ఆకులతో మూడో వరస కూడా ఉండి, ఈనె లేకుండా, తరచూ తమ్మెలుగా చీలి ఉంటే ఆకు లివర్‌వర్ట్. ఈనె లేని మాస్‌లు కూడా ఉన్నాయి, కాబట్టి అనుమానం వస్తే మూలతంతువులు చూడండి. మాస్‌లలో అవి బహుకణయుతం, అడ్డుగోడలు ఏటవాలుగా ఉంటాయి. లివర్‌వర్ట్‌లలో ఏకకణయుతం. థాలస్‌లా పరుచుకున్నదైతే పలుచని ముక్క తీసి 400 రెట్ల కింద హరితరేణువులు లెక్కపెట్టండి. కణానికి చాలా ఉంటే లివర్‌వర్ట్. కణానికి ఒకే పెద్ద హరితరేణువు, దాని మధ్య పైరినాయిడ్ అనే దట్టమైన భాగం కనిపిస్తే హార్న్‌వర్ట్. కొమ్ము రాకముందే హార్న్‌వర్ట్‌ను పట్టుకునే మార్గం ఇదే. మొక్క ఎండితే ఈ తేడా చూడలేరు.

ఆకు లివర్‌వర్ట్‌లలో నూనె దేహాలు (కణాల లోపల నూనె నిండి ఉండే చిన్న బుడగల్లాంటివి) చూడాలి. ఒక కొమ్మను మామూలు నీటి చుక్కలో పెట్టి, కవర్‌స్లిప్ వేసి, ఆకు మధ్య భాగపు కణాలను 400 రెట్ల కింద చూడండి. అంచు కణాలు, ముదిరిన ఆకులు వద్దు. కణానికి ఎన్ని, గుండ్రమా కోలా, రంగు ఉందా, నునుపా లేక చిన్న గింజలు కూర్చినట్టుందా, ఈ నాలుగూ రాసుకుని బొమ్మ గీయండి. ఆల్కహాలు, క్షారం, వేడి ఏవీ తగలకూడదు, నూనె దేహాలు చెదిరిపోతాయి. మొక్క ఎండితే అవి చాలా జాతుల్లో మాయమవుతాయి, తిరిగి తడిపినా రావు. ఫోటో ఉన్నా బొమ్మ గీయమనే మా సలహా. ఫోటోలో ఒక్క లోతు మాత్రమే స్పష్టంగా వస్తుంది. గీసేటప్పుడు ఫోకస్ పైకీ కిందికీ తిప్పుతూ మొత్తం కణాన్ని చూస్తారు. రిక్సియాలో నూనె దేహాలు ఉండవు, అక్కడ వాటి కోసం వెతకొద్దు.

రిక్సియా, టార్జియోనియా, ప్లాజియోకాస్మా, మార్కాన్షియా వంటి థాలస్ లివర్‌వర్ట్‌లకు అడ్డుకోతలు తాజాగా ఉన్నప్పుడే తీయాలి. అడుగున మట్టిని మెత్తని కుంచెతో నీటిలో కడిగి, థాలస్‌ను క్యారెట్ ముక్క చీలికలో ఇరికించి, కొత్త బ్లేడుతో కోయండి. కోతలో గాలి గదులు ఎన్ని పొరలు, పైన రంధ్రం నిర్మాణం, థాలస్ వెడల్పుకూ మందానికీ నిష్పత్తి, అడుగు పొలుసుల రంగు చూడాలి. రిక్సియాలో గుళిక థాలస్‌లోనే పూడి ఉంటుంది. నల్లని చుక్కలా కనిపించే చోట సూదితో తెరిస్తే సిద్ధబీజాలు బయటికొస్తాయి. అవి చాలా జాతుల్లో 50 నుంచి 120 మైక్రాన్ల మధ్య ఉంటాయి. వాటి మీది వలలాంటి గళ్ళే జాతికి ఆధారం. సిద్ధబీజాలు లేని రిక్సియాకు జాతి పేరు పెట్టొద్దు, ‘రిక్సియా జాతి’ అని రాసి వదిలేయండి.

హార్న్‌వర్ట్‌లకు ఒక సౌలభ్యం ఉంది. కొమ్ము అడుగు నుంచి పెరుగుతూ పై నుంచి ముదురుతుంది. ఒకే కొమ్ములో పైన ముదిరిన సిద్ధబీజాలు, కింద ఇంకా నాలుగేసి కలిసున్నవి దొరుకుతాయి. కొన నుంచి రెండు మూడు మిల్లీమీటర్ల ముక్క కోసి నీటి చుక్కలో నలపండి. సిద్ధబీజాలు ముదురు గోధుమ నుంచి నలుపు దాకా ఉండి, థాలస్ కోతలో బంక నిండిన ఖాళీలు కనిపిస్తే ఆంథోసిరాస్. సిద్ధబీజాలు పసుపుగా, థాలస్ ఖాళీల్లేకుండా గట్టిగా ఉంటే ఫియోసిరాస్. కొమ్ము పొట్టిగా, నేలకు వాలి, చుట్టూ ఉన్న తొడుగులోనే చాలావరకు దాగి, కొమ్ము బాహ్యచర్మంలో పత్రరంధ్రాలు లేకపోతే నోటోథైలస్. రంగు నిర్ణయించేముందు సిద్ధబీజాలు పూర్తిగా ముదిరాయో లేదో చూడండి. పచ్చి ఆంథోసిరాస్ సిద్ధబీజాలు లేతగానే ఉంటాయి, చాలా తప్పు గుర్తింపులకు అదే కారణం. థాలస్ అడుగున ముదురు నీలాకుపచ్చ చుక్కలు నాస్టాక్ అనే నీలాకుపచ్చ బ్యాక్టీరియా సమూహాలు, అవి రోగం కాదు.

సిద్ధబీజాలు ముదరకపోతే మట్టి ముక్కతో సహా పారదర్శకమైన డబ్బాలో పెంచండి. నేరుగా ఎండ పడని కిటికీ దగ్గర, 20 నుంచి 25 డిగ్రీల వేడిలో ఉంచండి. వాననీరు లేదా డిస్టిల్డ్ వాటర్ మాత్రమే చల్లండి. కుళాయి, బోరు నీటిలోని లవణాలు పేరుకుని థాలస్ అంచులు మాడతాయి. మూత రోజూ కాసేపు తీయకపోతే బూజు పడుతుంది.

ఆరబెట్టడం

మాస్‌లనూ, ఆకు లివర్‌వర్ట్‌లనూ పొట్లం మూత తెరిచి, వార్తాపత్రిక మీద పరిచి, ఫ్యాను గాలికి ఒకటి రెండు రోజులు ఉంచండి. పువ్వుల మొక్కల్లా ప్రెస్‌లో అదమకూడదు. అదిమితే ఆకుల అమరిక, కొమ్మల తీరు పోతాయి. ఎండలోనూ ఓవెన్‌లోనూ పెట్టొద్దు. వాన ముసురులో గాలి తేమకు ఆరకపోతే, 40 డిగ్రీలు దాటని వేడి గాలి సరిపోతుంది. తడి పొట్లాలను పాలిథీన్ సంచిలో మూటకట్టి బస్సులో తెస్తే దిగేసరికే వేడెక్కి మగ్గిపోతాయి.

థాలస్ రకాలను బ్లాటింగ్ కాగితాల మధ్య చాలా తేలిక బరువు కింద ఆరబెట్టొచ్చు. హార్న్‌వర్ట్‌లు ఎండితే బంక వల్ల కాగితానికి అంటుకుని, తడిపినా కణాలు సరిగా విప్పుకోవు. అందుకే సగం ఆరబెట్టి, మిగతా సగాన్ని ఎఫ్‌ఏఏ ద్రావణంలో ఉంచండి: 70 శాతం ఆల్కహాలు 90 భాగాలు, ఫార్మాలిన్ 5, గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం 5. ఫార్మాలిన్ ఆవిరి ఊపిరితిత్తులకు హాని కాబట్టి ఫ్యూమ్‌హుడ్‌లో, చేతి తొడుగులతోనే కలపాలి. ఈ ద్రావణంలో ఆకుపచ్చ రంగు పోతుంది. రంగు గురించి రాయాల్సిందంతా ముందే రాసి ఉండాలి. దీంట్లో ఉంచినదాన్ని డీఎన్‌ఏకు వాడకండి.

మాస్‌ను సూక్ష్మదర్శిని కింద చూడటం

ఇక్కడి నుంచి తొందర లేదు. ముందు కంటిపటకంలోని (ఐపీస్‌లోని) స్కేలును సరిచూసుకోండి. స్టేజి మైక్రోమీటరులో ఒక మిల్లీమీటరు 100 భాగాలుగా ఉంటుంది, ఒక్కో భాగం 10 మైక్రాన్లు. 40 రెట్ల ఆబ్జెక్టివ్ కింద కంటిపటకపు 40 గీతలు దాని 10 భాగాలతో సరిపోతే, ఒక్కో గీత 2.5 మైక్రాన్లు. ప్రతి ఆబ్జెక్టివ్‌కూ విడిగా లెక్క కట్టి సూక్ష్మదర్శిని మీదే చీటీ అంటించండి.

1. ఎండిన మొక్కను మరోసారి చూసి, ఆకుల ముడత రాసుకోండి.
2. గోరువెచ్చని నీటిలో రెండు మూడు నిమిషాలు నానబెట్టండి. గాలి బుడగలు వదలకపోతే ఒక చుక్క ఆల్కహాలు వేసి మళ్ళీ నీటిలో పెట్టండి.
3. సన్నని పట్టకారుతో కాండం మధ్య నుంచి ఆకులను కిందికి లాగి తీయండి. కొనలోని లేత ఆకులు, అడుగున ఉన్న ముసలి ఆకులు కొలతలకు పనికిరావు. కనీసం ఐదారు ఆకులు కావాలి, కొన్ని వెల్లకిలా, కొన్ని బోర్లా.
4. ఆకు పై భాగం, మధ్య, అడుగు, అడుగు మూలలు, అంచు, ఈ ఐదు చోట్లా కణాలను విడివిడిగా చూసి, ఒక్కో చోట పదేసి కణాలు కొలవండి.
5. ఆకుకు అడ్డుకోత తీయండి. తడి కాండాన్ని స్లైడు మీద పెట్టి, ఇంకో స్లైడు అంచుతో నొక్కిపట్టి, ఆ అంచు పక్కనే బ్లేడుతో వేగంగా తరగండి. ముక్కల్లో చాలావరకు పనికిరావు, పలుచనివి నాలుగు దొరికితే చాలు.
6. గుళిక ఉంటే మూతను సూదితో లేపి, నోటి చుట్టూ ఉన్న దంతాలను పొడిగా ఒకసారి, తడిపి ఒకసారి చూడండి.

ఆకు కణాల మీది పాపిల్లాలను (కణం గోడ మీది చిన్న బొడిపెలను) హరితరేణువులతో పొరబడటం చాలా ఎక్కువ. 2 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్, అంటే 100 మిల్లీలీటర్ల నీటిలో 2 గ్రాములు కలిపిన ద్రావణం చుక్క వేస్తే కణం తేటబడుతుంది, పాపిల్లాలు మిగులుతాయి. ఫోకస్ తిప్పితే అవి కణం ఉపరితలం కంటే పైన తేలతాయి. పాటియేసీ కుటుంబంలో ఇదే ద్రావణానికి ఆకు పసుపుగా మారుతుందా ఎరుపుగా మారుతుందా అన్నది కూడా లక్షణమే, కాబట్టి చుక్క వేసిన వెంటనే రంగు రాసుకోండి.

గోడ మీది హయోఫిలాతో అభ్యాసం చేయమని చెబుతాం, ఎందుకంటే ఇందులో ఎక్కువ మెట్లు కలిసొస్తాయి. ఎండినప్పుడు ఆకు అంచులు లోపలికి చుట్టుకుంటాయి, తడిపితే క్షణాల్లో విప్పుకుంటాయి. ఆకు కొన దగ్గర చిన్న పళ్ళుంటాయి. ఆకుల మొదళ్ళలో నక్షత్రంలాంటి జెమ్మాలు (విడిపోయి కొత్త మొక్కగా పెరిగే చిన్న ముక్కలు) దొరకొచ్చు. గుళిక దొరికితే నోటి చుట్టూ దంతాలు ఉండవు. పక్కనే పెరిగే బార్బులాలో పొడవాటి దంతాలు తాడులా మెలితిరిగి ఉంటాయి. గుళికలు లేని రోజున ఈ రెండింటినీ కలగలపడం సులువు. ఫ్యునేరియా గుళిక ఒక వైపుకు వంగి, దంతాలు రెండు వరసల్లో ఉంటాయి.

శాశ్వత స్లైడుకు గ్లిజరిన్ జెల్లీ తేలిక. 10 గ్రాముల జెలటిన్‌ను 60 మిల్లీలీటర్ల నీటిలో రెండు గంటలు నానబెట్టి, 70 మిల్లీలీటర్ల గ్లిజరిన్ కలిపి, మరగనివ్వకుండా వెచ్చచేస్తూ కరిగించండి. బూజు పట్టకుండా ఒక చిన్న థైమాల్ పలుకు వేయండి. మరిగిస్తే జెలటిన్ మళ్ళీ గట్టిపడదు.

పేరు దాకా

భారతదేశంలో లివర్‌వర్ట్‌ల అధ్యయనానికి పునాది వేసినవారు శివరామ్ కశ్యప్. పశ్చిమ హిమాలయ, పంజాబు మైదానాల లివర్‌వర్ట్‌ల మీద ఆయన గ్రంథం 1929, 1932లో రెండు భాగాలుగా వచ్చింది. మాస్‌లకు హెచ్.సి. గంగూలీ 1969 నుంచి 1980 దాకా వెలువరించిన తూర్పు భారత మాస్‌ల సంపుటాలు చాలామందికి మొదటి ఆధారం. రెండూ విలువైనవే కానీ ఏదీ తూర్పు కనుమల ఆంధ్ర భాగం కోసం రాసింది కాదు. ఇలాంటి గ్రంథాల్లో ఒక్కో ప్రశ్నకు జవాబు చెప్పుకుంటూ పేరు దాకా వెళ్ళే గుర్తింపు పట్టిక (కీ) ఉంటుంది. మీ మొక్క ఆ పట్టికలో అసలు లేకపోయినా, ప్రశ్నలకు జవాబులు చెప్పుకుంటూ పోతే ఏదో ఒక పేరు దగ్గర తేలుతుంది. పేరు వచ్చాక పూర్తి వర్ణన చదివి, కొలతలు, ఆవాసం, ఎత్తు కూడా సరిపోతేనే ఒప్పుకోండి. ఒక్క లక్షణం గట్టిగా తేడా వస్తే ప్రజాతి దగ్గరే ఆగండి. తర్వాత ఆ పేరు నేటికీ చెల్లుతోందో లేదో చూడాలి. 2008లో జన్యుపటం వెలువడిన ఫిస్కోమిట్రెల్లా పేటెన్స్ అనే మాస్‌ను ఇప్పుడు ఫిస్కోమిట్రియం ప్రజాతిలో చేర్చారు.

డీఎన్‌ఏ కోసం ఆరిన శుభ్రమైన కొనలు 10 నుంచి 20 మిల్లీగ్రాములు సిలికా జెల్‌తో విడిగా ఉంచండి. గుర్తింపుకు ఆర్‌బీసీఎల్, ఐటీఎస్ అనే డీఎన్‌ఏ భాగాలు ఎక్కువగా వాడతారు. ఒక్కో కాండాన్ని లెన్సు కింద కడిగి ఎంచకపోతే పక్క మాస్, శైవలం, శిలీంధ్రం డీఎన్‌ఏ వస్తుంది. హార్న్‌వర్ట్‌లలో నాస్టాక్ సమూహాలున్న భాగాన్ని వదిలి అంచు లేదా పచ్చి కొమ్ము తీసుకోండి.

భద్రపరచడం

ఆరిన పొట్లాలను పాలిథీన్‌లో గాలి చొరకుండా మూసి, మైనస్ 20 డిగ్రీల వద్ద వారం రోజులు ఉంచితే పురుగులు, గుడ్లు చస్తాయి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా సంచి తెరవకండి. వెంటనే తెరిస్తే గాలిలోని తేమ నమూనా మీద నీరై చేరుతుంది. అల్మారాలో తేమ 50 శాతం లోపు ఉండాలి. నాఫ్తలీన్ గుండ్లు మనుషులకు మంచివి కావు, శీతలీకరణ ఉంటే వాటి అవసరం లేదు.

చీటీ మీద శాస్త్రీయ నామం రోమన్ లిపిలో, ఊరి పేర్లు తెలుగుతో పాటు ఇంగ్లీషులోనూ రాయండి, ఇతర రాష్ట్రాల హెర్బేరియంలవారు చదువుకోవాలి. ఇంకు జెట్ ప్రింటు తడికి చెదురుతుంది, లేజర్ ప్రింటు వాడండి. మీరు తీసిన స్లైడు, నూనె దేహాల బొమ్మ, అడ్డుకోతల బొమ్మ అన్నీ ఆ పొట్లంలోనే చిన్న మడత కాగితంలో ఉంచండి. వేరే ఫైలులో పెట్టినవి కొన్నేళ్ళకు నమూనా నుంచి విడిపోతాయి.

నమూనా తగినంత ఉంటే రెండు భాగాలు చేసి, ఒకటి మీ కళాశాలలో, ఒకటి లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ హెర్బేరియానికో, బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా కేంద్రానికో ముందుగా రాసి పంపండి. తర్వాత ఎవరైనా మీ గుర్తింపును మార్చితే పాత చీటీ తీసేయకూడదు, కొట్టేయకూడదు. కొత్త పేరు, తేదీ, నిర్ధారించినవారి పేరుతో ఇంకో చీటీని పక్కన అతికించాలి.